సుల్తాను మనిషినని చెప్పిన పాపానికి

పుస్తకాలు రాసే చదువుకున్నవాళ్ళ మీద నాకొక ఫిర్యాదు ఉంది. తెల్లదొరల కాలంలో మన దేశపు ముస్లింలు ఎటు నిలబడ్డారని వాళ్ళు పేజీలకు పేజీలు రాస్తారు. ఒక పక్క లండనులో రాజు. ఇంకో పక్క ఇస్తాంబుల్‌లో ఖలీఫా. ఖలీఫా అంటే తుర్కీ సుల్తానే. లోకంలోని ముస్లింలందరికీ తానే పెద్దనని ఆయన అనేవాడు, మనవాళ్ళు అవుననేవాళ్ళు. ఆ ఇద్దరికీ యుద్ధం వచ్చేసరికి మనవాళ్ళ గుండెలు నిలువునా చీలిపోయాయని రాస్తారు. చీలిన గుండెను వీళ్ళలో ఒక్కడైనా చూశాడా? మూడో తరగతిలో బడి మానేసి, శనగల పొట్లాల కాగితాలు చదువుకుంటూ అక్షరాలు నిలబెట్టుకున్నవాణ్ణి నేను. మా ఇంట్లో ఆ గొడవను దూదితో కలిపి దిండులో కుట్టేశారు. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

మాది కడప వైపు. దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మసీదులో చదివేది అరబ్బీ, అర్థమయ్యేది మొదటిది మాత్రమే. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ళ నాయన, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రా పోయాడు. దొరల సైన్యంలో కంచరగాడిదలు తోలే పని. చేతిలో తుపాకీ లేదు, కళ్ళెం ఉంది. మరి అవతలి వైపు ఎవరున్నారయ్యా అంటే ఖలీఫా సైన్యమే. మా ఊరి మసీదులో ప్రతి శుక్రవారం ఏ సుల్తాను కోసం చేతులెత్తేవాళ్ళో, ఆ సుల్తాను మీదికే జేజినాయన గాడిదలను తోలుకుంటూ పోయాడు.

ఆ చేతులెత్తడం గురించి కూడా చెప్పాలి. శుక్రవారం నమాజుకు ముందు ఇమాము చదివే ప్రసంగంలో సుల్తాను పేరెత్తి, ఆయన రాజ్యం చల్లగా ఉండాలని దువా చేయడం, అంటే వేడుకోవడం, మా ఊళ్ళో అప్పటి ఆచారం. యుద్ధం మొదలు కాగానే తాసిల్దారు వచ్చి, మన రాజుగారి గెలుపు కోసం కూడా ప్రార్థన జరగాలని చెప్పి పోయాడట. ఊరి పెద్దలు తలలు గోక్కుని ఒక ఏర్పాటు చేశారు. మసీదు లోపల అరబ్బీలో సుల్తానుకు. అది కాగానే బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, తాసిల్దారు గుమస్తా వినేటట్టు తెలుగులో రాజుకు. ఒకటే పూట, అవే చేతులు. గుమస్తా రాని వారం మెట్ల మీద ప్రార్థన ఉండేది కాదని మా జేజి, అంటే మా నాయనమ్మ, చెప్పేది.

జేజినాయన తిరిగొచ్చేసరికి ఊళ్ళో గాలి మారిపోయింది. ఖిలాఫత్ ఉద్యమం లేచింది. సుల్తాను పదవిని దొరలు ఊడగొట్టకుండా కాపాడాలని ఊరూరా సభలు, చందాలు. ఆడవాళ్ళు చేతి గాజులు తీసి ఇచ్చారు. ఈయన పోయేటప్పుడు మదరాసు రేవుకు పోతున్నానని మాత్రమే చెప్పి పోయినవాడు. బస్రా నుంచి వచ్చాడని తెలిసేసరికి ఊరు ఊరంతా, సుల్తాను కోసం పోరాడి వచ్చిన మగాడని ఎద్దులబండి ఎక్కించి ఊరేగించింది. ఎవరి తరఫున పోయావని ఒక్కడూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. దొరలిచ్చిన పతకం ఒకటి ఆయన సంచిలో ఉంది. దాని మీద రాజుగారి తల. దూదేకేవాడి ఇంట్లో దాన్ని దాచడానికి చోటు వెతుక్కోవాలా? దిండులో పెట్టి కుట్టేశాడు. చచ్చేదాకా ఆ దిండు మీదే పడుకున్నాడు.

"మీ జేజినాయన రాజు నెత్తిన తలకాయ పెట్టుకోని గురక పెడతాండె రా," అని జేజి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఇదంతా నాకు ఖతర్‌లో అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు?

దోహా ఊళ్ళోని మెసైమీర్‌లో ఒక ఖతరీ కుటుంబానికి నేను హౌస్ డ్రైవరుని. గేటు పక్కన ఒక గది, గోడకు ఒక ఏసీ, పొద్దున పిల్లల బడి మొదలుకొని సాయంత్రం ఆడవాళ్ళ బజారు దాకా ఎప్పుడు పిలిస్తే అప్పుడు డ్యూటీ. ఇంటి పెద్దాయనను అందరం బాబా అని పిలిచేవాళ్ళం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వయసులో ఉండగా వ్యాపారం మీద బొంబాయి తిరిగినవాడు కాబట్టి బజారు హిందీ మాట్లాడేవాడు. ఆయన బొంబాయి హిందీకి, నేను కడప బజార్లో నేర్చిన ఉర్దూకు బాగానే కుదిరింది.

పనిలో చేరిన మొదటి రోజు, వెనక సీట్లో కూర్చుని జపమాల తిప్పుకుంటూ అడిగాడు. "మీ వాళ్ళెవరైనా ఇంతకు ముందు ఈ సముద్రం వైపు వచ్చారా?"

క్షణంలో నా బుర్ర పనిచేసింది. మనిషి అరబ్బు. ముస్లిం. తెల్లగడ్డం, చేతిలో మాల. ఇలాంటివాడికి సుల్తానంటే ప్రాణం కాక మరేమవుతుంది? ఎక్కడో కడపలో ఉన్న మేమే అంత ప్రేమించాం కదా.

"మా జేజినాయన బస్రా వచ్చాడు బాబా. ఖలీఫా కోసం. సుల్తాను సైన్యంలో, ప్రాణానికి తెగించి."

మాల ఆగిపోయింది. అద్దంలో చూశాను. బాబా నన్ను పైనుంచి కిందికి చూసి, "సుల్తాను సైన్యంలోనా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి నా పేరు తుర్కీ. "తుర్కీ, బండి తియ్", "తుర్కీ, ఏసీ పెంచు". ఆయన మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు చేరి కాఫీ తాగే ముందు గదిలో, కొత్తవాడు ఎవరొచ్చినా నన్ను పిలిపించి, "వీడి తాత సుల్తాను సిపాయి" అని చూపించేవాడు. వాళ్ళు తొడలు చరుచుకుని నవ్వేవాళ్ళు. నేను రుమాలు సర్దుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగేవాణ్ణి. బిరుదు ఇచ్చారనుకుని పన్నెండేళ్ళు తిరిగాను.

ఆ పన్నెండేళ్ళలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు ఆటలు వాళ్ళ దేశంలోనే జరుగుతాయన్న కబురు వచ్చింది. ఇక తవ్వకం మొదలైంది. మెట్రో కోసం తవ్వారు, రోడ్ల కోసం తవ్వారు, తవ్వినదాన్ని పూడ్చి మళ్ళీ తవ్వారు. పొద్దున పోయిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. ఎర్ర డబ్బాలు, బాణం గుర్తులు, దుమ్ము. దోహా మొత్తం నా నోట్లో పడిందంటే నమ్మండి. ఇంకా ఆట రెండేళ్ళుందనగా అక్కడ ఉండనిచ్చే నా కార్డు గడువు దగ్గరపడింది. పతాకా అంటారు మావాళ్ళు. అది లేకపోతే ఆ దేశంలో మనిషి లేనట్టే. నాకు అరవై దాటింది. ఇంటి పెద్దకొడుకు తండ్రితో నా ముందే, ఇన్నేళ్ళకు నాకు వంటబట్టిన అరబ్బీలో అన్నాడు.

"వచ్చే అతిథులకు ఇంగ్లీషు వచ్చిన కుర్ర డ్రైవరు కావాలి. ఇతను ఫోనులో మ్యాపు చూడడు. రెన్యూవల్ వద్దు. టికెట్ తీసి ఇంటికి పంపిద్దాం."

"చూద్దాం," అన్నాడు బాబా.

నాకు ఒళ్ళు మండింది. ఫోనులో ఆ అమ్మాయి కుడికి తిరగమన్న చోట ముప్పై అడుగుల గొయ్యి ఉంటే, ఆగి, వెనక్కొచ్చి, ఇంటివాళ్ళను క్షేమంగా దించింది ఎవరు? ఇంటికి పోతే నాకు తిండికి కొరతేం లేదు. బిడ్డలు స్థిరపడ్డారు. కానీ ఇన్నేళ్ళు ఈ దుమ్ము మింగి, ఇదంతా దేనికోసం తవ్వారో ఆ ఆట మొదలు కాకముందే విమానం ఎక్కి పోవడమా? ఆట చూసే పోవాలి. స్టేడియంలోకి రానివ్వకపోయినా సరే, బయట జనాన్నైనా చూడాలి. నాకు కావలసింది ఆ రెండేళ్ళు, అంతే. ఇచ్చేది బాబా ఒక్కడే.

అందుకని ఆ వారమంతా ఆయన చెప్పులు కూడా నేనే తుడిచాను. ఒక సాయంత్రం ఆయనకు సముద్రం చూడాలనిపించింది. కార్నిష్ మీద, అంటే సముద్రం ఒడ్డు రోడ్డు మీద, నడుపుతుంటే, పార్కు ఎత్తుగా ఉన్న ఒక చోట, "తుర్కీ, ఆపు" అన్నాడు.

"ఆ ఎత్తు మీదే మీ వాళ్ళ కోట ఉండేది."

"అల్ హందులిల్లాహ్," అన్నాను, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

"మా తాత మీ వాళ్ళను ఈ ఊరి బయట ఎడారిలో తరిమి తరిమి కాల్చాడు."

చెయ్యి అక్కడే ఉండిపోయింది.

బాబా తీరిగ్గా చెప్పుకొచ్చాడు. సుల్తాను సిపాయిలు వచ్చి కోటలో కూర్చున్నారు. పన్నులన్నారు, మా పెద్దలను పట్టుకున్నారు. అందరం ఒకటై తిరగబడ్డాం. ఆ తరువాత కూడా కొందరు ఆ కోటలోనే జీతాల్లేక, బట్టలు చిరిగి ఈగలు తోలుకుంటూ ఉన్నారు. చివరికి ఇంగ్లీషువాళ్ళ ఓడ ఒకటి వచ్చి ఎదురుగా నిలబడితే, ఉన్నవాళ్ళు చప్పుడు లేకుండా జారుకున్నారు.

"నా చిన్నప్పుడు అన్నం తినకపోతే సుల్తాను సిపాయి వచ్చి ఎత్తుకుపోతాడని మా అమ్మ బెదిరించేది," అన్నాడు. "నీ మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది."

అయ్యా, అదీ నా బిరుదు. కడపలో కూర్చున్నవాడికి సుల్తాను అంటే శుక్రవారం వినిపించే పేరు. ఆయన కింద బతికినవాడికి పన్ను వసూలుకు వచ్చే మనిషి. ఆయన మొహం ఎరగని మేము గాజులు ఊడదీసి ఇచ్చాం; ఎరిగినవాళ్ళు తుపాకీ తీశారు. ఈ మాత్రం ఆలోచన ఆ మొదటి రోజు నా బుర్రకు రాకపోయె! శత్రువు మనవణ్ణని నా నోటితో నేనే చెప్పుకుని, ఆ ఇంటి అన్నం తింటూ, ఇప్పుడు ఇంకో రెండేళ్ళు ఉంచుకోమని వాళ్ళనే అడగాలి.

దోహాలోని అల్ మన్సూరాలో మనవాళ్ళ గది ఒకటి ఉంది, శుక్రవారాలు అక్కడికి పోయేవాణ్ణి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి స్టేడియం పనిలో షట్టరింగ్ కొట్టే ఒక మిత్రుడు సెలవు పూట అక్కడికి వచ్చేవాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. హిందువు. నన్ను చాచా అంటాడు. ఆ శుక్రవారం నా గోడంతా విని, మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

"అంటే చాచా, గిన్నేండ్ల సంది దుశ్మన్ మన్మన్ని అని జెప్పుకుంట, గాళ్ళకే సలాం గొట్టుకుంట తిరిగినవా?"

"నవ్వొద్దబ్బీ. ఇప్పుడేం చెయ్యాల్నో చెప్పు. నిజం చెప్పేద్దామా?"

"నిజం జెప్తే పన్నెండేండ్ల అబద్ధాలకోరువైతవ్. జెప్పకుంటే దుశ్మన్ లెక్కనే ఉంటవ్. ఏదైనా టికెట్ ఒక్కటే. నోర్మూస్కో."

అప్పుడు చూశాను, వాడి ఒంటి మీద నిగనిగలాడే పసుపు బనియను ఉంది.

"ఇదేందిరా?"

"మొన్న ఫుట్‌బాల్ పిచ్చోళ్ళంత కలిసి జెండాల ఊరేగింపు తీసిండ్రు గదా. కంపెనీల మలబారు ఫోర్‌మన్ ఇచ్చిండు. బ్రెజిలోళ్ళదట. ఆయన ఆ టీమ్ కోసం పానమిస్తడు. ఆళ్ళు ఓడిన రోజు అన్నం గూడ తినడు."

"ఆ దేశం యాడుందో తెల్సునా నీకు?"

"నాకేమెర్క? ఫోర్‌మన్‌కు గూడ తెల్వదనుకుంట. అయినా ఊరేగింపుల ఎంత ఒర్లిన్నో తెల్సా? గొంతు పోయింది. బగ్గ మజా వచ్చింది చాచా."

వాణ్ణి తిడదామని నోరు తెరిచాను. మా ఊరి ఎద్దులబండి గుర్తొచ్చి మూసుకున్నాను.

వాడు చెప్పినట్టు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ మరునాడు బాబాను ఆస్పత్రికి తీసుకుపోతుంటే, రోడ్డు తవ్వకం దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. ముందుకు లేదు, వెనక్కు లేదు. బాబా వెనక నుంచి, "తుర్కీ, మీ తాత మావాళ్ళనెవరినైనా చంపాడా?" అని అడిగాడు. గొంతులో నవ్వు లేదు.

ఇక ఆగలేకపోయాను. "ఎవరినీ చంపలేదు బాబా. ఆయన సుల్తాను సైన్యంలోనే లేడు. ఇంగ్లీషువాళ్ళ గాడిదలు తోలాడు." మొత్తం కక్కేశాను. మసీదు లోపలి దువా, మెట్ల మీది దువా, బండి మీద ఊరేగింపు, దిండులో రాజు తల.

మాల తిరిగే చప్పుడు ఒక్కటే. ఏదో ఒకటి మాట్లాడకపోతే చచ్చిపోతానన్నట్టు, జేజినాయన జేజికి మాత్రమే చెప్పిన సంగతి కూడా చెప్పేశాను. బస్రా దగ్గర పట్టుబడిన సుల్తాను సిపాయిలకు నీళ్ళు మోసే పని ఒకనాడు ఆయనకు పడిందట. ఎంతో భక్తితో కుండ అందిస్తూ, వచ్చీరాని అరబ్బీలో, "మేము ప్రతి శుక్రవారం మీ సుల్తాను కోసం దువా చేస్తాం" అన్నాడట. ఆ సిపాయి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "అట్లాగా. అయితే వచ్చే శుక్రవారం నాకు బూట్లు పంపమని కూడా ఆయనకు చెప్పు" అన్నాడట. కాళ్ళకు గోనెగుడ్డ చుట్టుకుని ఉన్నాడట పాపం.

వెనక సీటు ఊగడం మొదలైంది. బాబా నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నేను దిగి వెనక తలుపు తీసి వీపు నిమరాల్సి వచ్చింది. బతికిపోయాననుకున్నాను. ఊపిరి అందగానే ఆయన మొహం చిట్లించాడు.

"నువ్వు నా మజ్లిస్ పాడుచేశావు."

"నేనా బాబా?"

"మా తాత శత్రువు మనవడు నాకు కారు తలుపు తీస్తాడని పన్నెండేళ్ళుగా అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు గాడిదలవాడి మనవడు తలుపు తీస్తాడని చెప్పాలా? అలాంటివాడు ఎవడికి లేడు?"

"నన్ను పంపేస్తారా?"

"వచ్చే శుక్రవారం మా పెద్దవాడు ఒక తుర్కీ ఇంజనీరును కాఫీకి పిలిచాడు. ఆ స్టేడియం పైకప్పు వేసే మనిషి. అతని ముందు నువ్వు సుల్తాను సిపాయి మనవడివే. అది అయ్యాక కార్డు సంగతి చూద్దాం."

చూశారా అన్యాయం? నా అబద్ధం నేను చెప్పుకున్నన్నాళ్ళు అది నా సొంతం. ఇప్పుడు అది కూడా డ్యూటీ అయింది. నిజం చెప్పినందుకు ఏ దేశంలోనైనా ఇలాంటి శిక్ష వేస్తారా?

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకుని మజ్లిస్ గుమ్మంలో నిలబడ్డాను. గోడల వెంట పరుపుల మీద పదిమంది దాకా ముసలివాళ్ళు. బాబా పక్కన పెద్దకొడుకు, అతని పక్కన ఆ ఇంజనీరు. నలభై ఏళ్ళుంటాయేమో, ఎండకు కమిలిన మొహం. బాబా చెయ్యి చాచి నన్ను పిలిచాడు.

"ఇతని తాత మీ సుల్తాను సిపాయి. హిందుస్తాన్ నుంచి బస్రా దాకా వచ్చాడు."

పెద్దకొడుకు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చాడు. ఇంజనీరు చేతిలోని కప్పు కింద పెట్టి లేచాడు. గది దాటి వచ్చి, నన్ను గట్టిగా కావలించుకుని, రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. ముసలివాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. నేను కొయ్యలాగా నిలబడ్డాను. జీవితంలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఇంత మర్యాదా ఎప్పుడూ దొరకలేదు.

ఇంజనీరు నా చెయ్యి వదలకుండా ఏదో చెప్పసాగాడు. పెద్దకొడుకు విసుగ్గానే మాటా మాటా అరబ్బీలోకి మార్చి వినిపించాడు.

"వాళ్ళ ముత్తాత కూడా బస్రాలోనే ఉన్నాడట. సైన్యం వదిలి పారిపోయాడట. నడుచుకుంటూ ఊరు చేరి, యుద్ధం అయిపోయేదాకా గడ్డివాములో దాక్కున్నాడట. ఆ సుల్తాను మా సొంత సుల్తాను, మేమే పారిపోయాం. సముద్రం దాటి, ఎన్నడూ చూడని మనిషి కోసం మీ తాత ఎందుకు వచ్చాడు, అని అడుగుతున్నాడు."

బాబా మాల ఆపి నన్నే చూస్తున్నాడు. ఈ ప్రశ్నకు నేను జవాబు కుదుర్చుకునే వచ్చాను. మతం కోసం, ఖలీఫా మీద ప్రేమ కోసం అని, రాత్రంతా అద్దం ముందు అనుకున్నాను. ఆ మనిషి చెయ్యి కాయలు కాసి గరుగ్గా ఉంది. ఇంజనీరు చెయ్యి అలా ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఆ ఏడు మా ఊళ్ళో వానల్లేవు సార్. పని లేదు."

పెద్దకొడుకు దాన్ని మార్చి చెప్పలేదు. తండ్రి వైపు చూశాడు. తండ్రి తల ఊపాక చెప్పాడు. ఇంజనీరు నా మొహంలోకి చూస్తూ, మెల్లగా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మూలనున్న ఒక ముసలాయన, ఏ సైన్యంలో పని దొరికిందని అడగబోతున్నట్టు మెడ ముందుకు చాపాడు.

"కాఫీ చల్లారిపోతోంది, తాగు," అని బాబా ఆయనను కసిరాడు. తరువాత కొడుకు వైపు తిరిగి, "యల్లా, ఫోను తీయ్. వీడి కార్డు రెండేళ్ళకు కొట్టు. ఇప్పుడే, నా ముందే" అన్నాడు.

కొడుకు తల అడ్డంగా ఊపుతూనే ఫోను తీశాడు. నాకు అటు చూడాలని ఉంది, కానీ చెయ్యి ఇంకా ఇంజనీరు చేతిలోనే ఉంది. మీ వైపు ఏం పండిస్తారు అని అడుగుతున్నాడు, తనకు వచ్చిన రెండు అరబ్బీ ముక్కలతో. జొన్న అని చెప్పాను. అర్థం కాలేదు. వేళ్ళతో కంకి గీసి చూపించాను. వాళ్ళ వైపు గోధుమేనట.